డిస్ట్రిబ్యూటర్ మారిస్తే కరెంటు వస్తుంది, మరి పెట్రోలు?

1970ల మొదట్లో వచ్చిన పోర్షే 914 కారు, 1.7 లీటర్ల ఇంజిన్. ప్లగ్గులకు వంతులవారీగా స్పార్కు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు అరిగి ఊగుతోందని పాతది పీకేసి, బాష్ కంపెనీ 009 డిస్ట్రిబ్యూటర్ తెచ్చి బిగించారనుకుందాం. కొలతలు సరిపోతాయి. షాఫ్టు అడుగున ఉన్న నాలుక ఇంజిన్‌లోని గాడిలో చక్కగా కూర్చుంటుంది. గాడి మధ్యకు కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి తప్పుగా కూర్చునే అవకాశమే లేదు. క్యాపు పెట్టి, వైర్లు వరసగా తగిలించి, ఒక ప్లగ్గు విప్పి బాడీకి ఆనించి చూస్తే దట్టంగా నీలం స్పార్కు పడుతుంది. ఇంజిన్ మాత్రం అందుకోదు. మిగతా ప్లగ్గులు విప్పి చూస్తే పొడిగా ఉంటాయి. అంటే కరెంటు ఉంది, పెట్రోలు లేదు.

ఇక్కడి నుంచి చాలామంది వెళ్లేది తప్పు దారిలోనే. పంపు మార్చుతారు, ఫిల్టర్ మార్చుతారు, చివరికి పెట్రోలు కొట్టించే కంప్యూటర్ పెట్టె పాడైందని తేల్చేస్తారు. అసలు సంగతి, తీసి పక్కన పడేసిన పాత డిస్ట్రిబ్యూటర్ అడుగు భాగంలో ఉంది. దానికి మూడు వైర్ల ప్లగ్గు ఒకటి తగిలించి ఉండేది. కొత్తదానికి ఆ ప్లగ్గు పెట్టే చోటే లేదు. అది ఎక్కడా పట్టక వేలాడుతూ ఉంటుంది. ఇంజిన్ తిరుగుతోందన్న కబురు కంప్యూటర్‌కు చేరేది ఆ మూడు వైర్ల మీదుగానే.

మన దగ్గర డిస్ట్రిబ్యూటర్ అనగానే గుర్తొచ్చేది అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800. ఆ కార్లలో గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ పని కార్బురేటర్‌ది, డిస్ట్రిబ్యూటర్ పని డిస్ట్రిబ్యూటర్‌ది. ఒకదాని సంగతి ఇంకోదానికి అక్కర్లేదు. ఒక డిస్ట్రిబ్యూటర్ తీసి ఇంకోటి పెట్టి, సీబీ పాయింట్ల (కరెంటు తెంచి స్పార్కు పుట్టించే కాంటాక్టుల) గ్యాపు సరిచేసి, టైమింగ్ (స్పార్కు పడే వేళ) పెడితే బండి షెడ్డు దాటేది. హైదరాబాద్‌లో 2003లో భారత్ స్టేజ్-2 నిబంధనలు వచ్చేసరికి కొత్త కార్లలో కార్బురేటర్ల కాలం దాదాపు అయిపోయింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే డిస్ట్రిబ్యూటర్ కూడా కనుమరుగైంది. ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు పెట్రోలును పిచికారీ చేసే పద్ధతి), డిస్ట్రిబ్యూటర్ రెండూ కలిసి ఉన్న ఇంజిన్ల కాలం మన దగ్గర కొద్దిదే. ఐరోపాలో, అమెరికాలో మాత్రం 1960ల చివరి నుంచి 1990ల మధ్య వరకు, అంటే పాతికేళ్లకు పైగా, ఈ జంట నడిచింది. డిస్ట్రిబ్యూటర్ మార్పిడిలో వచ్చే చిక్కులన్నీ ఆ పాతికేళ్ల బళ్లవే.

914లో ఉన్న ఇంజెక్షన్ పేరు బాష్ డి-జెట్రానిక్. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1950లలో తెచ్చిన ఎలక్ట్రోజెక్టర్ పేటెంట్లే దీనికి పునాది. మైక్రోప్రాసెసర్లు ఇంకా పుట్టని రోజులవి. కంప్యూటర్ అంటున్నాం గానీ, ఆ పెట్టెలో ఉండేవి ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లే. అది తేల్చాల్సినవి రెండే. ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి. ఎంతసేపు అన్నది ప్రధానంగా ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే గొట్టాల్లోని, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని బట్టి నడుస్తుంది. దాన్ని కొలిచే సెన్సర్‌లో గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బీలు ఉంటాయి. పీడనం మారితే అవి ఉబ్బుతాయి, కుంచించుకుపోతాయి, ఒక ఇనుప కడ్డీని కాయిల్‌లోకి ముందుకూ వెనక్కూ జరుపుతాయి. ఇక ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు డిస్ట్రిబ్యూటర్ నుంచే రావాలి.

డిస్ట్రిబ్యూటర్ అడుగున, మామూలు పాయింట్లకు కింద, ఇంకో జత పాయింట్లు ఉంటాయి. వాటిని ట్రిగ్గర్ పాయింట్లు అంటారు. రెండూ ఒకదానికొకటి ఎదురుగా, 180 డిగ్రీల దూరంలో, ఒక చిన్న పలక మీద అమర్చి ఉంటాయి. షాఫ్టు మీద కింది క్యామ్ తిరుగుతుంటే ఒకటి మూసుకుంటుంది, తర్వాత రెండోది. ఒకటి మూసుకున్నప్పుడు రెండు ఇంజెక్టర్లు కలిసి పిచికారీ చేస్తాయి, రెండోది మూసుకున్నప్పుడు మిగతా రెండు. ఒకటో సిలిండరూ నాలుగోదీ ఒక జట్టు, రెండోదీ మూడోదీ ఇంకో జట్టు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి ఇంజిన్ 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద ఉంటే ఒక్కో ట్రిగ్గర్ సెకనుకు 25 సార్లు మూసుకుని తెరుచుకుంటుంది. ఈ లెక్కను బట్టే ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోందో కూడా పెట్టెకు తెలుస్తుంది.

పంపు కూడా ఈ ట్రిగ్గర్ల మాట మీదే నడుస్తుంది. తాళం తిప్పగానే పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మని ఆగిపోతుంది, అంతవరకు మామూలే. ఆ తర్వాత అది ఆగకుండా నడవాలంటే ఇంజిన్ తిరుగుతోందన్న సంకేతం రావాలి. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగిపోతే పంపు పెట్రోలు చిమ్ముతూ కూర్చోకుండా పెట్టిన జాగ్రత్త ఇది. 009 పెట్టిన బండిలో పంపు ఒక్కసారి మోగి ఊరుకోవడం చూసి రిలే పోయిందేమో అనుకుంటారు. రిలే బాగానే ఉంటుంది.

ట్రిగ్గర్ల గుండా పోయే కరెంటు చాలా తక్కువ. అందుకే అవి మామూలు పాయింట్లలా కాలి గుంటలు పడవు. వాటికి వచ్చే రోగాలు వేరు. షాఫ్టు పైనుంచి నూనె కారి మట్టి పేరుకోవడం, క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ మడమ అరిగిపోవడం. పరీక్ష తేలికే. ఆ మూడు వైర్ల ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, ఒక తీగను గ్రౌండు పిన్నుకు, ఇంకోదాన్ని మిగతా రెండు పిన్నుల్లో ఒకదానికి ఆనించి, ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పాలి. రీడింగు సున్నా దగ్గరికి రావడం, మళ్లీ అనంతానికి పోవడం స్పష్టంగా కనిపించాలి. రెండో పిన్నుకూ అదే. మధ్యలో ఎక్కడైనా అంకెలు తడబడితే కాంటాక్టులకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మధ్యలో దళసరి కాగితం పెట్టి లాగాలి. గరుకు కాగితం వాడితే ఉన్న పూత కూడా పోతుంది. కంప్యూటర్ పోయిందని తేల్చి అమ్మేసిన పెట్టెల్లో చాలా వాటి అసలు జబ్బు ఈ మురికేనని అనుకోవడానికి అవకాశం ఎక్కువ.

ఒక ఊరట ఉంది. డి-జెట్రానిక్‌లో పిచికారీ జరిగే క్షణం అంత పట్టింపు కాదు. జట్టులో ఉన్న రెండు సిలిండర్లకూ ఒకేసారి పెట్రోలు కొడుతుంది కాబట్టి, ఒకదానికి వాల్వు తెరుచుకునే వేళకు దగ్గరగా పడితే, ఇంకోదానికి మూసిన వాల్వు వెనక కాసేపు ఎదురుచూస్తుంది. అలాంటప్పుడు డిస్ట్రిబ్యూటర్ బాడీని అటూ ఇటూ ఐదారు డిగ్రీలు తిప్పినా పెట్రోలు వైపు వచ్చే నష్టం ఏమీ లేదు. ఎన్నిసార్లు కొట్టాలన్న లెక్క తప్పకూడదు, అంతే.

కరెంటు వైపు సంగతి అలా కాదు. అక్కడ డిగ్రీలే ప్రాణం. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ షాఫ్టు ఒక మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. 900 దగ్గర ఐదున్నర డిగ్రీలు కూడా తిరగదు. మంట అంటుకుని వ్యాపించడానికి పట్టే సమయం ఇంజిన్ వేగంతో పాటు అంతగా తగ్గదు కాబట్టి, వేగం పెరిగేకొద్దీ స్పార్కు ముందుగా పడాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు చేస్తాయి. తిరిగే వేగానికి బయటికి విచ్చుకుని క్యామ్‌ను ముందుకు తోస్తాయి. లోడు తక్కువ ఉన్నప్పుడు సిలిండర్‌లో మిశ్రమం పల్చగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది. అప్పుడు మరికాస్త ముందుగా వెలిగించేందుకు వాక్యూమ్ డబ్బా ఉంటుంది. 1.7 లీటర్ల 914 డిస్ట్రిబ్యూటర్‌లో వాక్యూమ్ రెండు వైపులా పనిచేస్తుంది. ఒక గొట్టం స్పార్కును ముందుకు జరుపుతుంది. ఇంకోటి స్లో రన్నింగ్‌లో వెనక్కి లాగుతుంది. ఈ వెనక్కి లాగడం బండి పరుగు కోసం కాదు, పొగ తగ్గించడం కోసం. ఆలస్యంగా వెలిగించిన మిశ్రమం సైలెన్సర్ వైపు వేడివేడిగా పోయి, మిగిలిపోయిన పెట్రోలు అక్కడ కాలిపోతుంది.

009లో వాక్యూమ్ డబ్బానే లేదు, బరువులు మాత్రమే ఉన్నాయి. ఎప్పుడూ నిండు లోడు మీదో, ఒకే వేగంతోనో నడిచే ఇంజిన్లకు అది సరిపోతుంది. ట్రాఫిక్‌లో తొక్కుతూ వదులుతూ నడిపే కారుకు సరిపోదు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే బండి ఒక్క క్షణం గుటక మింగినట్టు ఆగి, తర్వాత లాగుతుంది. జంట కార్బురేటర్లు, 009 కలిపి పెట్టిన ఎన్నో ఫోక్స్‌వ్యాగన్లకు, 914లకు ఈ గుటక ఒక పాత జబ్బు. ఇది కార్బురేటర్ జెట్ల లోపమని జెట్లు పెంచుకుంటూ పోయి, నల్లపొగ తెచ్చుకున్నవాళ్లు ఎందరో.

డి-జెట్రానిక్‌లో ఇంకో ముడి ఉంది, తేలిగ్గా కంటికి ఆనదు. ఆ పెట్టె పెట్రోలు కొలిచేది మానిఫోల్డ్ పీడనాన్ని చూసి. స్లో రన్నింగ్‌లో స్పార్కును వెనక్కి లాగే గొట్టాన్ని మూసేస్తే, స్పార్కు ముందుకొస్తుంది, ఇంజిన్ వేగం పెరుగుతుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పెరుగుతుంది. పీడనం తగ్గింది కదా అని సెన్సర్ పెట్రోలు తగ్గిస్తుంది. పెట్రోలు వైపు ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండానే మిశ్రమం మారిపోయింది. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ మార్చాక స్లో రన్నింగ్ గాలి స్క్రూ, కంప్యూటర్ పెట్టె మీద ఉన్న ఐడిల్ మిశ్రమం నాబ్, రెండూ మళ్లీ సరిచూసుకోవాల్సిందే. వాక్యూమ్ డబ్బాలోని రబ్బరు పొర చిరిగితే వచ్చే లక్షణం కూడా ఇక్కడ తిరగబడుతుంది. గాలిని నేరుగా కొలిచే ఇంజెక్షన్‌లో దొంగ గాలి చొరబడితే మిశ్రమం పల్చబడుతుంది. డి-జెట్రానిక్‌లో ఆ గాలి వల్ల పీడనం పెరుగుతుంది, పెట్టె దాన్ని లోడు అనుకుని పెట్రోలు పెంచుతుంది, స్లో రన్నింగ్ పైకి ఎగబాకుతుంది.

టైమింగ్ పెట్టే పద్ధతిలోనూ ఒక వల ఉంది. 914కు చెప్పిన కొలత 3500 ఆర్‌పీఎం దగ్గర 27 డిగ్రీలు, వాక్యూమ్ గొట్టాలు ఊడదీసి. ఆ వేగానికి బరువులు విచ్చుకోవాల్సినంతా విచ్చుకుని ఉంటాయి. ఏ డిస్ట్రిబ్యూటర్ అయినా సరే, బాడీ తిప్పితే 3500 దగ్గర 27కు వచ్చి తీరుతుంది. ఫ్యాన్ మీది గుర్తు కరెక్టుగా కనిపించేసరికి పని అయిపోయిందనిపిస్తుంది. 1500 దగ్గర, 2000 దగ్గర స్పార్కు ఎక్కడ పడుతోందన్నది మాత్రం ఆ డిస్ట్రిబ్యూటర్ స్ప్రింగుల మీద ఆధారపడి ఉంటుంది. రోజూ బండి నడిచేది ఆ మధ్య వేగాల్లోనే. కొత్త డిస్ట్రిబ్యూటర్ పెట్టినవాళ్లు స్పార్కు పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటుతో 500 ఆర్‌పీఎంకు ఒకసారి చొప్పున చూసి రాసుకుంటే, పికప్ ఎందుకు లేదో కాగితం మీదే కనిపిస్తుంది.

మరి షాఫ్టు ఊగుతున్న డి-జెట్రానిక్ బండికి దారేది? పాత బాడీని వదలకుండా పైభాగాన్ని మార్చుకోవడమే మేలు. బుష్‌లు కొత్తవి వేయించి, సీబీ పాయింట్లు, కండెన్సర్ తీసేసి, ఆ చోట పెర్ట్రోనిక్స్ లాంటి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టాలి. రోటర్ కింద అయస్కాంతాలున్న రింగు కూర్చుంటుంది, పక్కన అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. ట్రిగ్గర్లు కింద ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. మాడ్యూల్‌కు రెండే వైర్లు, ఎర్రది పాజిటివ్‌కు, నల్లది స్పార్కుకు వోల్టేజి పెంచే కాయిల్ నెగెటివ్‌కు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు పెర్ట్రోనిక్స్ వాళ్ల ఇగ్నైటర్ మొదటి రకం మాడ్యూల్ పెడితే కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ కనీసం 3 ఓమ్స్ ఉండాలి. తక్కువ ఓమ్స్ కాయిల్ పెడితే స్పార్కు దట్టంగా వస్తుందని ఆశపడితే మాడ్యూల్ కాలుతుంది. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లోనే వదిలేసినా అంతే. పంపు శబ్దం వినడానికి తాళం తిప్పి పెట్టి బానెట్ కింద తల దూర్చడం డి-జెట్రానిక్ బళ్ల వాళ్లకు అలవాటు. పాయింట్లకు బదులు మాడ్యూల్ పెట్టాక ఆ అలవాటు ఖరీదైనది.

అదే 914లో 1974లో వచ్చిన 1.8 లీటర్ల ఇంజిన్‌ది పూర్తిగా వేరే కథ. దానిది ఎల్-జెట్రానిక్. లోపలికి వచ్చే గాలిని తలుపు లాంటి రేకుతో కొలుస్తుంది. ఇంజిన్ వేగం తెలుసుకోవడానికి కాయిల్ నెగెటివ్ టెర్మినల్ మీద పడే దెబ్బలు లెక్కపెడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు రెండు స్పార్కులు వేస్తుంది. పెట్టె ఆ లెక్కను సగం చేసి, చుట్టుకు ఒకసారి నాలుగు ఇంజెక్టర్లనూ కలిపి తెరుస్తుంది. జట్లు లేవు, వరస లేదు, ట్రిగ్గర్ పాయింట్లు లేవు. కాయిల్‌ను సరిగ్గా కొట్టే ఏ డిస్ట్రిబ్యూటర్ పెట్టినా పెట్రోలు వస్తుంది. ఒకే కారు, ఒకే రకం ఇంజిన్ బ్లాకు. 1.7కు ఏమాత్రం పనికిరాని డిస్ట్రిబ్యూటర్ 1.8ను స్టార్ట్ చేస్తుంది. పాత బళ్ల విషయంలో ‘ఇది 914కు పడుతుంది’ అని చెప్పే సలహాలు అందుకే సగం సలహాలు.

ఎల్-జెట్రానిక్‌లో దెబ్బతినేది డిస్ట్రిబ్యూటర్‌తో పాటు ఎంఎస్‌డీ 6ఏ లాంటి స్పార్కు పెట్టె కూడా పెట్టినప్పుడు. అది 3000 ఆర్‌పీఎం లోపు ఒక్కో మంటకు ఒకటికి మించి స్పార్కులు వేస్తుంది. కాయిల్‌లోకి 12 వోల్టులు కాదు, వందల వోల్టులు వదులుతుంది. ఇంజెక్షన్ కంప్యూటర్ వైరును పాత అలవాటు కొద్దీ కాయిల్ నెగెటివ్ దగ్గరే ఉంచితే లెక్క తప్పడం చిన్న నష్టం, పెట్టె కాలిపోవడం పెద్ద నష్టం. ఆ వైరును తీసి, స్పార్కు పెట్టె మీద టాకోమీటర్ కోసం ఇచ్చిన టెర్మినల్‌కు కలపాలి. బాష్‌దే ఇంకో ఇంజెక్షన్ కె-జెట్రానిక్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అది పెట్రోలును ఆగకుండా ధారగా కొడుతుంది, డిస్ట్రిబ్యూటర్‌తో సంబంధం లేదు. తర్వాతి మోడళ్లలో పంపు రిలే మాత్రం కాయిల్ దెబ్బల కోసం చూస్తుంది.

ఇదే సమస్యకు అవతలి కొస ఫోర్డ్ మస్టాంగ్ 5.0. 1986 నుంచి 1993 వరకు వచ్చిన ఈ వీ-8 బళ్ల డిస్ట్రిబ్యూటర్ పైకి పాతకాలం దానిలాగే ఉంటుంది. క్యాపు, రోటర్, ఎనిమిది వైర్లు. లోపల బరువులూ లేవు, వాక్యూమ్ డబ్బా లేదు. ఒక హాల్ సెన్సర్, దాని మధ్య తిరిగే ఎనిమిది రెక్కల లోహపు గిన్నె, అంతే. స్పార్కు ఎప్పుడు పడాలో ఈఈసీ-4 కంప్యూటర్ నిర్ణయిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ ఎక్కడుందో చెబుతుంది, తిరిగి వచ్చిన ఆజ్ఞ ప్రకారం కరెంటు పంచుతుంది. ఆ గిన్నె మీద ఏడు రెక్కలు ఒకే వెడల్పు, ఒకటి సన్నం. ఒకటో నంబరు సిలిండర్ ఏదో కంప్యూటర్ గుర్తుపట్టేది ఆ సన్న రెక్కతోనే. ఎందుకంటే 1986 నుంచి ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు దాని వంతు వచ్చినప్పుడే పెట్రోలు కొడుతుంది.

ఈ బండికి 1970ల ఫోర్డ్ డిస్ట్రిబ్యూటర్ తెచ్చి పెడితే లోపలికి దిగుతుంది. ఇంజెక్షన్‌కు మాత్రం కళ్లు పోతాయి. ఎనిమిది రెక్కలూ సమానంగా ఉన్న ట్రక్కు డిస్ట్రిబ్యూటర్ పెడితే అసలు చిక్కు మొదలవుతుంది. ఇంజిన్ స్టార్టవుతుంది, నడుస్తుంది, టైమింగ్ కూడా వస్తుంది. పెట్రోలు మాత్రం ఎవరి వంతుకు ఎవరికి పడుతోందో తెలియదు. స్లో రన్నింగ్‌లో ఒక రకమైన వణుకు, ఎంత వెతికినా దొరకని మిస్ ఫైరింగ్. పూర్తిగా ఆగిపోయిన బండి కంటే ఇలా అరకొరగా నడిచే బండే మెకానిక్‌కు ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

దీనికి తోడు సిలిండర్లలో స్పార్కు పడే వరస. ఈ 5.0 కుటుంబానికే చెందిన పాత 302 ఇంజిన్ వరస 1-5-4-2-6-3-7-8, మస్టాంగ్ 5.0 హెచ్‌ఓ (హై అవుట్‌పుట్) వరస 1-3-7-2-6-5-4-8. క్యామ్ షాఫ్టు మార్చినవాళ్లు ప్లగ్గు వైర్లు కొత్త వరసలో పెట్టుకుంటారు, ఇంజెక్టర్ల వరస గురించి మరచిపోతారు. అది కంప్యూటర్‌లో రాసి ఉంటుంది, క్యాపు మీద వైర్లు మార్చితే మారదు.

ఇనుము విషయంలోనూ చూసుకోవాలి. 5.0 హెచ్‌ఓలో 1985 నుంచి రోలర్ లిఫ్టర్లు, ఉక్కు క్యామ్ షాఫ్టు. డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న గేరు కూడా ఉక్కుదే కావాలి. పాత ఇంజిన్ల పోత ఇనుము గేరు పెడితే పళ్లు అరిగి ఆ పొడి అంతా ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. అదే కుటుంబానికి చెందిన 351 విండ్సర్ ఇంజిన్ డిస్ట్రిబ్యూటర్ చూడటానికి కవల పిల్లలా ఉన్నా, దాని అడుగు నుంచి ఆయిల్ పంపును తిప్పే ఆరు పలకల కడ్డీ 5/16 అంగుళాలది. 302కు 1/4 అంగుళం. ఈ వీ-8లలో డిస్ట్రిబ్యూటర్ మొరాయిస్తే పోయేది స్పార్కు ఒక్కటే కాదు, ఆయిల్ ప్రెషర్ కూడా ప్రమాదంలో పడుతుంది.

సరైన డిస్ట్రిబ్యూటరే పెట్టినా టైమింగ్ పెట్టే తీరు వేరు. స్పౌట్ అనే చిన్న ప్లగ్గు ఊడదీస్తే కంప్యూటర్ పక్కకు తప్పుకుంటుంది, అప్పుడు బాడీ తిప్పి 10 డిగ్రీలకు పెట్టి, ప్లగ్గు మళ్లీ బిగించాలి. ప్లగ్గు ఊడదీయకుండా తిప్పితే కంప్యూటర్ జరుపుతున్నదాన్ని మనం జరుపుతున్నామని భ్రమపడతాం. డిస్ట్రిబ్యూటర్ పక్కనే బిగించి ఉండే ఇగ్నిషన్ మాడ్యూల్ ఇంజిన్ వేడికి చతికిలబడటం ఈ బళ్లకు పేరు మోసిన జబ్బు. 1994 మోడల్ నుంచి దాన్ని ఇంజిన్‌కు దూరంగా పెట్టారు. కొత్త డిస్ట్రిబ్యూటర్ మీదికి మాడ్యూల్ మార్చేటప్పుడు వెనక వేడిని లాగే పేస్టు పూయకపోతే పట్టుమని పది రోజులు ఉండదు.

ఇంకో తరహా మార్పిడి కూడా ఉంది. కార్బురేటర్ కాలం నాటి డిస్ట్రిబ్యూటర్ బరువులను కదలకుండా వెల్డ్ చేసి, దాన్ని కొత్త ప్రోగ్రామబుల్ కంప్యూటర్‌కు సెన్సర్‌గా వాడుకోవడం. ఇక్కడే రోటర్ లెక్క తప్పుతుంది. బరువులున్న డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు ముందుకు జరిగినప్పుడు క్యాముతో పాటు రోటర్ కూడా ముందుకు జరుగుతుంది. కాబట్టి స్పార్కు పడే క్షణానికి రోటర్ కొన క్యాపులోని కడ్డీకి ఎదురుగానే ఉంటుంది. బరువులు వెల్డ్ చేసేసి టైమింగ్‌ను కంప్యూటర్ జరుపుతుంటే రోటర్‌కు ఆ సంగతి తెలియదు. క్రాంక్ షాఫ్టు లెక్కలో స్పార్కు 10 నుంచి 40 డిగ్రీల దాకా మారితే, రోటర్ దగ్గర అది 15 డిగ్రీల తేడా. అంతటినీ పట్టుకునేంత వెడల్పు రోటర్ కొనకు ఉండాలి, ఆ వెడల్పు మధ్యభాగం సరైన చోట ఉండాలి. లేకపోతే స్పార్కు పక్క సిలిండర్ కడ్డీకి దూకుతుంది. పరీక్షించాలంటే పనికిరాని పాత క్యాపు ఒకటి తీసుకుని ఒకటో కడ్డీ పక్కన వేలు పట్టేంత రంధ్రం చేసి, రోటర్ మీద తెల్ల గీత గీసి, టైమింగ్ లైటు వేసి ఆ రంధ్రంలోంచి చూడాలి. గీత కడ్డీ దగ్గరే ఆగినట్టు కనిపిస్తుందా, ఇంజిన్ రేజ్ చేసినప్పుడు ఎంత దూరం పారిపోతుందా అన్నది కళ్లకు కడుతుంది.

సెన్సర్ అయస్కాంతం, కాయిల్ రకందైతే దాని రెండు వైర్లు తారుమారు కాకూడదు. బండి స్టార్టయి బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ టైమింగ్ తనంతట తానే జరుగుతూ పోతుంది. ఆ సెన్సర్ సంకేతం ఒక వైపు నిటారుగా, ఇంకో వైపు ఏటవాలుగా ఉంటుంది. కంప్యూటర్ నిటారు అంచును చూడాల్సింది ఏటవాలు అంచును చూస్తుంటే ఇలాగే అవుతుంది. టైమింగ్ లైటు కింద గుర్తు నిలకడగా లేకపోతే మొదట అనుమానించాల్సింది ఈ రెండు వైర్లను.

నిజానికి ప్రోగ్రామబుల్ కంప్యూటర్ దాకా వెళ్లినప్పుడు డిస్ట్రిబ్యూటర్‌ను సెన్సర్‌గా పట్టుకు వేలాడటంలో అర్థం లేదు. గేరు పళ్ల సందు, షాఫ్టు అరుగుదల, క్యామ్ షాఫ్టు మెలిక అన్నీ కలిసి సంకేతాన్ని వణికిస్తాయి. క్రాంక్ షాఫ్టు చివర 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం బిగించి, పక్కన సెన్సర్ పెడితే ఆ వణుకు పోతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను కరెంటు పంచడానికి మాత్రమే ఉంచుకోవచ్చు, లేదా పూర్తిగా తీసేసి కాయిల్ ప్యాకు పెట్టుకోవచ్చు. డి-జెట్రానిక్ సెన్సర్లు దొరకని 914ల యజమానులు కొందరు చివరికి వచ్చేది ఇక్కడికే. అయితే అది డిస్ట్రిబ్యూటర్ మార్పిడి కాదు, ఇంజెక్షన్ మొత్తం మార్పిడి. ఒక ఆదివారం పని అనుకుని మొదలుపెట్టేది కాదు.

కాలిఫోర్నియాలో ఉన్న బళ్లకు చట్టం కూడా అడ్డొస్తుంది. 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకు అక్కడ స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష లేదు. 1976 మోడల్ నుంచి ఉంది. 914 తయారీ ఆగిపోయింది 1976లోనే. పెట్టిన విడిభాగానికి రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన మినహాయింపు నంబరు లేకపోతే, పైపు చివర పొగ ఎంత శుభ్రంగా వచ్చినా, బానెట్ ఎత్తి చూసే దగ్గరే బండి ఫెయిలవుతుంది. 1975 మోడల్ 914కు నిక్షేపంగా పెట్టుకోదగ్గ డిస్ట్రిబ్యూటర్, అదే 2 లీటర్ల ఇంజిన్ ఉన్న 1976 మోడల్‌కు ఆ ఒక్క నంబరు లేనందున పనికిరాకుండా పోతుంది.